బ్యారేజీ పేల్చేస్తే బెజవాడ గెలుస్తుందా? సైన్స్ ఫిక్షన్ సీరియల్స్‌లో సాయుధ ప్రతిఘటన లెక్కలు

చదివే మిగతావాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. మీరూ మీ మిత్రులూ కలిసి ఒక వెబ్ సిరీస్ రాస్తున్నారు. వేరే గ్రహం వాళ్లు వచ్చి విజయవాడను ఆక్రమిస్తారు. వాళ్ల ఆయుధాల ముందు మనవి ఎందుకూ పనికిరావు. మొదటి ఎపిసోడ్ చివర్లో హీరో దళం ప్రకాశం బ్యారేజీని పేల్చేస్తుంది. అక్కడ మీ టీంలో ఒకరు అడ్డుపడ్డారు. "గెలవలేమని తెలిసి కూడా ఎందుకు పేలుస్తారు? 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా'లోనూ ఇదే గొడవ. చంపినా మళ్లీ బతికొచ్చే సైలాన్లు అనే యంత్రజాతి మీద బాంబులు వేస్తారు, పైగా సొంత మనుషుల్నే చంపుకుంటారు. ఇందులో లాజిక్ ఎక్కడుంది?" అన్నారు. ఆ లాజిక్ ఏమిటో చెప్పమని మీరు అడిగారు.

నేను గుంటూరులో చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఆధునిక భారత చరిత్ర చెప్పాను. ఈ సీరియల్స్ అన్నీ శ్రద్ధగా చూశాను, విద్యార్థులతో కూర్చుని వాదించాను. నా దృష్టిలో ఇవి కాలక్షేపం సరుకు కాదు. పరాయి పాలన కింద మామూలు మనిషి ఏం చేస్తాడు, ఏం చేయలేడు అన్న ప్రశ్నను వీటిలో కొన్ని చాలా చరిత్ర పుస్తకాలకంటే నిజాయితీగా పట్టుకున్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ మిత్రుడు అడిగింది సరైన ప్రశ్నే. అయితే ఆయన చచ్చిన శత్రువుల్ని లెక్కపెడుతున్నారు. ఆక్రమణ మొదలైందంటేనే యుద్ధం అయిపోయిందని అర్థం. ఎవరి సైన్యం పెద్దదో అప్పటికే తేలిపోయింది. ఆ తర్వాత ఆక్రమించినవాడికి కావలసినవి వేరు. కుళాయిల్లో నీళ్లు రావాలి, రైళ్లు కదలాలి, పన్నులు వసూలవ్వాలి, గోదాముల్లో సరుకు ఎగుమతి దిగుమతి జరగాలి, రాత్రిపూట ఎవరో ఒకరు గస్తీ తిరగాలి. ఇన్ని పనులూ సొంత మనుషులతో చేయించుకునేంత జనం ఏ ఆక్రమణదారు దగ్గరా ఉండరు. ఇక్కడివాళ్లతోనే చేయించుకోవాలి. కాబట్టి నిన్న ఎంతమంది సైనికులు చచ్చారన్నదానికంటే, ఈరోజు పొద్దున ఎంతమంది పనిలోకి వచ్చారన్నది ముఖ్యం. ప్రతిఘటన గెలుపోటములు ఆ హాజరుపట్టీలో కనపడతాయి.

మన జిల్లాలోనే దీనికి సాక్ష్యం ఉంది. 1921-22లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో పన్నుల నిరాకరణ ఉద్యమం నడిచింది. రైతులు శిస్తు కట్టం అనడం ఒక్కటే అయితే ప్రభుత్వం అంత కంగారుపడేది కాదు. మునసబులు, కరణాలు రాజీనామాలు ఇచ్చారు. ఎవరి పొలం ఎంత, ఎవరు ఎంత కట్టాలి అని చెప్పే మనిషే పక్కకు తప్పుకున్నాడు. దొరగారి దగ్గర తుపాకులు ఉన్నాయి, అడంగల్ చదివి శిస్తు రాబట్టే మనిషి లేడు. సైన్యాన్ని దింపారు, ఆస్తులు జప్తు చేశారు. చివరికి చౌరీచౌరా తర్వాత 1922 ఫిబ్రవరిలో గాంధీ గారు దేశవ్యాప్తంగా ఉద్యమాన్ని ఆపేయడంతో అదీ ఆగిపోయింది. ఇది ఆయుధం లేని పోరాటం. అయినా ఆయుధంతో చేసే పోరాటానికీ గురి ఇదే నరం మీద ఉంటుంది. అది అర్థమైతే 'గెలాక్టికా'లో న్యూ కాప్రికా అనే గ్రహం మీద జరిగే కథ వేరేగా కనిపిస్తుంది.

'గెలాక్టికా' మూడో సీజన్ మొదటి ఎపిసోడ్లు 2006 అక్టోబరులో వచ్చాయి. మానవజాతిలో మిగిలింది యాభై వేలకు లోపు. అందులో ఎక్కువమంది న్యూ కాప్రికా అనే చలి గ్రహం మీద గుడారాల్లో బతుకుతుంటారు. అంతరిక్ష నౌకలు పారిపోయాయి. సైలాన్లు దిగి, "మీతో కలిసి బతకడానికి వచ్చాం" అంటారు. ఎన్నికైన అధ్యక్షుడు బాల్టర్ చేత సంతకాలు పెట్టిస్తూ పాలన నడుపుతారు. సైలాన్‌ని చంపితే దాని జ్ఞాపకాలన్నీ ఇంకో శరీరంలోకి వెళ్లిపోతాయి, మళ్లీ లేచి వస్తుంది. అంటే ఇక్కడ రచయితలు కావాలనే శవాల లెక్కను సున్నా చేసేశారు. 'వంద మందిని చంపాం' అని గొప్పలు చెప్పుకునే దారి మూసేసి, అప్పుడు కూడా బాంబు పెట్టడంలో అర్థం ఉంటుందా అని అడిగారు. చాలా తెలివైన ఏర్పాటు అది.

అర్థం ఉంది, కథ దాన్ని చూపిస్తుంది కూడా. బాంబు పేలిన ప్రతిసారీ 'కలిసి బతుకుదాం' అన్న మాట పలచబడుతుంది. సైలాన్లు గోడల వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. రాత్రి దాడులు, నిర్బంధ కేంద్రాలు మొదలవుతాయి. వాళ్లలో వాళ్లకే గొడవలొస్తాయి. మనుషులతో సఖ్యంగా ఉండాలని పట్టుబట్టిన కాప్రికా సిక్స్, బూమర్ ఒకవైపు, జనాన్ని తగ్గించి భయపెట్టి పాలిద్దామనే కావిల్ ఇంకోవైపు. ఇంకా ముఖ్యమైన సంగతి, కల్నల్ టై నడిపే దళానికి ఆ గ్రహం మీద గెలవాలన్న ఉద్దేశమే లేదు. పారిపోయిన గెలాక్టికా యుద్ధనౌక తిరిగి వచ్చేదాకా జనాన్ని లొంగిపోకుండా నిలబెట్టడం, వచ్చిన రోజున ఓడలు ఎక్కించి బయటపడేయడం, అంతే వాళ్ల లక్ష్యం. ఎంత చిన్నదో చూడండి. సాధ్యమయ్యే లక్ష్యం ఉంది కాబట్టే ఆ ఆయుధాలకు అర్థం ఉంది.

మీ స్క్రిప్ట్‌లో నాకు కనిపించని వస్తువు అదే. బ్యారేజీ పేల్చిన మర్నాడు మీ హీరోకి ఏం కావాలి? ఆ సమాధానం కాగితం మీద లేదు.

బ్యారేజీ సంగతే చూద్దాం. 1957 నుంచి వాడుకలో ఉన్న కట్టడం, 70 గేట్లు, దాని కింద సుమారు 13 లక్షల ఎకరాల డెల్టా ఆయకట్టు. దాన్ని పేలిస్తే నష్టం ఎవరికి? తెనాలి, రేపల్లె, గుడివాడ, అవనిగడ్డ రైతులకి. వచ్చినవాళ్లకు కృష్ణా నీళ్లు కావాలో వద్దో మీ కథలో ఇంకా తేలనే లేదు. దళం మొదటి దెబ్బకే తన అన్నం కుండను పగలగొట్టుకుంటే, మర్నాడు రాత్రి ఆ దళానికి ఏ ఊళ్లోనూ తలుపు తీయరు. ప్రతిఘటన తన జనం మీద ఆధారపడి బతకాలి. ఆ జనం ఏమంటారన్నది నైతిక ప్రశ్న మాత్రమే అనుకోకండి, దళం ప్రాణాలు దాని మీదే ఉంటాయి.

అందుకని ముందు ఈ ప్రశ్న వేసుకోండి: వచ్చినవాళ్లకు బెజవాడ ఎందుకు కావాలి? నాకైతే రైల్వే జంక్షన్ తడుతుంది. చెన్నై వైపు నుంచి హౌరాకి, ఢిల్లీకి వెళ్లే లైన్లు అక్కడే విడిపోతాయి. సరుకు కదలాలంటే ఆ యార్డు నడవాలి. ఇబ్రహీంపట్నంలో థర్మల్ పవర్ స్టేషన్ ఉంది. గుంటూరులో మిర్చి యార్డు, చుట్టూ కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. వాళ్లకు మిర్చి అక్కర్లేకపోవచ్చు గానీ చల్లగా ఉండే గోదాములు కావచ్చు కదా. ఇప్పుడు ఈ పనులు చేసే మనుషుల్ని చూడండి. బ్యారేజీ గేట్ల దగ్గర, కాలువల మీద పనిచేసే లస్కర్లు, యార్డులో పాయింట్స్‌మెన్, లోకో పైలట్లు, టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ముఠా కార్మికులు, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కే లైన్‌మన్. ఆక్రమణ అంతా వీళ్ల చేతుల మీదుగా నడుస్తుంది. మీ కథకు హీరోలు వీళ్లలో ఉన్నారు. బాంబులు చుట్టే కుర్రాడికంటే, రోజూ డ్యూటీకి వెళ్లాలా వద్దా అని తెల్లారగట్ల టెన్షన్ పడే లస్కరు పెద్ద పాత్ర.

ఇక 'సొంత మనుషుల్నే చంపుకుంటారు' అన్న దాని దగ్గరికి వస్తాను. ఈ చర్చ మొత్తంలో నన్ను ఎక్కువ కలచివేసేది ఇదే.

సైలాన్లు మనుషులతోనే ఒక పోలీసు దళాన్ని తయారు చేస్తారు. ముఖాలకు ముసుగులు, రాత్రిపూట అరెస్టులు. ఆ దళం శిక్షణ పూర్తయిన వేడుకలో డక్ అనే మాజీ పైలట్, భార్యను పోగొట్టుకున్నవాడు, అందులో చేరినట్టు నటించి తనను తాను పేల్చుకుంటాడు. చనిపోయింది మనుషులే. లాజిక్ ప్రకారం చూస్తే తప్పు పట్టడం కష్టం. సైలాన్ చస్తే మళ్లీ వస్తుంది, ఆ పోలీసు దళంలో చేరదామనుకున్న పక్క గుడారం కుర్రాడు మాత్రం ఆ రోజు తర్వాత చేరడు. ఆక్రమణదారుకు దొరకనిది అదే, ఇక్కడి మనిషి. టై వాదన కూడా ఇంతే. మాజీ అధ్యక్షురాలు లారా రోజ్లిన్ ఎదురు నిలబడి ఇది ఆపమంటే ఆయన వెనక్కి తగ్గడు. సీరియల్ ఇద్దరి మాటా పూర్తిగా వినిపిస్తుంది, తీర్పు మనకు వదిలేస్తుంది. ఆ పేలుడు తర్వాత ఏం జరిగిందో కూడా దాచదు. బాల్టర్ తలకు తుపాకీ పెట్టి మరణశిక్షల కాగితం మీద సంతకం చేయిస్తారు. వందల కొద్దీ మనుషుల్ని లారీల్లో కాల్చడానికి తీసుకెళ్తారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను: డక్ చేసిన పనిని నేను ఒప్పుకోలేను. మనసుకు కష్టంగా ఉండడం ఒక్కటే కారణం అనుకోకండి. ఇంకో లెక్క ఉంది, మన నేల మీద జరిగినది.

అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడి చేశాడు. ఆయనకు కావలసింది తుపాకులు, తూటాలు. స్టేషన్లలో ఉన్న కానిస్టేబుళ్లు మనవాళ్లే, తెల్లదొర జీతం తీసుకునేవాళ్లే. వాళ్లను చంపలేదు. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పోలీసు బలగం నడిచి వస్తుంటే పొదల్లో మాటువేసిన దళం ముందు వస్తున్న భారతీయ పోలీసులను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను మాత్రమే కాల్చింది. ఇందులోనూ కఠినమైన లెక్క ఉంది. ఆ దారిన బతికి వెళ్లిన ప్రతి కానిస్టేబులూ ఇంటికెళ్లి ఏం చెప్పి ఉంటాడు? 'నన్ను వదిలేశారు' అని. మర్నాడు అదే కొండ ఎక్కమంటే ఆ మనిషి కాళ్లు ఎలా కదులుతాయి? డక్ బాంబు భయం పుట్టించి మనుషుల్ని ఆపింది, దామనపల్లి సంకోచం పుట్టించి ఆపాలని చూసింది. భయపడ్డవాడు ఇంకా గట్టి గోడ వెనక, ఇంకా పెద్ద తుపాకీ పట్టుకుని నిలబడే అవకాశం ఉంది. సంకోచం పుట్టినవాడు ఏదో ఒక రాత్రి తలుపు తెరిచి ఉంచుతాడు. అందుకే ప్రభుత్వం స్థానిక పోలీసులతో పని జరగదనుకుని మలబార్ స్పెషల్ పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను బయటినుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. రంప పితూరీ సైనికంగా ఓడిపోయింది. 1924 మేలో రాజును చంపేశారు. కానీ గురి ఎంచుకోవడంలో ఆయన చూపిన వివేకం ఏ స్క్రిప్ట్ రచయితకైనా పాఠం.

'గెలాక్టికా' రచయితలకు ఈ రెండో లెక్క తెలియదని అనలేం. అదే పోలీసు దళంలో జామర్ అనే కుర్రాడు ఉంటాడు. కాల్చడానికి తీసుకెళ్తున్నవాళ్లలో ఉన్న క్యాలీ అనే ఆమెను పారిపొమ్మని వదిలేస్తాడు. సంకోచం ఎలా పనిచేస్తుందో అక్కడ కళ్లకు కట్టినట్టు చూపించారు. అలాంటివాళ్లను పోగేసుకునే పోరాటం, వాళ్లను పేల్చేసే పోరాటం ఒకే దళంలో పక్కపక్కనే నడిచాయి.

ప్రతీకారం సంగతి. ఆక్రమణదారుకు దళం దొరకదు, ఊరు దొరుకుతుంది. కాబట్టి ఊరినే శిక్షిస్తాడు. 1942 మేలో ప్రాగ్‌లో నాజీ అధికారి హైడ్రిక్ మీద దాడి జరిగితే, జూన్‌లో లిడీచే అనే ఊరినే నాజీలు నేలమట్టం చేశారు. 'బాబిలాన్ 5'లో సెంటారీలు నార్న్ గ్రహాన్ని పట్టుకున్నాక ఒక నియమం చదువుతారు: ఒక సెంటారీని చంపితే 500 మంది నార్న్‌లను చంపుతాం, చంపినవాడి కుటుంబంతో సహా. ఇది కోపంలో అన్న మాట అనుకుంటే పొరపాటు. దళానికీ జనానికీ మధ్య ఉన్న తాడును కోయడానికి వేసిన ధర అది. 'నీ కొడుకు వల్లే మా ఇంట్లో చావు' అని ఊరు దళం మీదకు తిరగాలని.

కానీ ఇది రెండువైపులా పదునున్న కత్తి అని బాగా చూపించింది 'స్టార్ వార్స్' లోకంలో నడిచే 'ఆండోర్'. 2022లో మొదటి సీజన్, 2025లో రెండోది వచ్చాయి. లూథెన్ రేల్ అనే మనిషి పైకి పురాతన వస్తువుల వ్యాపారి, లోపల తిరుగుబాటు నడిపేవాడు. అతని దళం ఆల్దానీ అనే చోట సామ్రాజ్యపు సైనికుల జీతాల సొమ్ము కొల్లగొడుతుంది, 8 కోట్ల క్రెడిట్లు. సీరియల్ రూపకర్త టోనీ గిల్రాయ్ ఈ ఘట్టానికి 1907లో బోల్షివిక్కులు టిఫ్లిస్‌లో చేసిన బ్యాంకు సొమ్ము దోపిడీని గుర్తుపెట్టుకున్నాడు. డబ్బు అవసరం నిజమే, కానీ లూథెన్‌కు అంతకంటే కావలసింది సామ్రాజ్యం రెచ్చిపోవడం. అది జనం గొంతు మరింత గట్టిగా నొక్కితే, ఊరుకున్నవాళ్లు కూడా లేస్తారని అతని లెక్క. అతననుకున్నట్టే కొత్త శిక్షల చట్టం వస్తుంది. ఇక్కడ రచయితలు చేసిన పని చూడండి. ఆ దోపిడీలో పాల్గొన్న కాసియన్ ఆండోరే, తర్వాత ఒక బీచ్ ఊళ్లో ఏ పాపం చేయకుండా నడుచుకుంటూ పోతూ పట్టుబడి, ఆ కొత్త చట్టం కింద ఆరేళ్ల శిక్షతో జైలుకు పోతాడు. తను లేపిన తుఫానులో తనే చిక్కుకున్నాడు. కథకు ఇంతకంటే నిజాయితీ నేను ఎక్కడా చూడలేదు. దెబ్బ తీసినవాడి మీదే దాని ఫలితం పడేలా రాశారు, ఎవరో ఊరూపేరూ లేని జనం మీద వేసి చేతులు దులుపుకోలేదు.

రెండో సీజన్‌లో ఇదే లెక్కను తిరగేశారు. సామ్రాజ్యానికి ఘోర్మన్ గ్రహంలోని ఖనిజం కావాలి. తవ్వితే గ్రహం మిగలదు. ఊరికే చంపితే గెలాక్సీ అంతా అడుగుతుంది. కాబట్టి ఘోర్మన్ వాళ్లే తిరగబడినట్టు ఉండాలి. భద్రతాధికారి డెడ్రా మీరో ఆలోచన అది. అక్కడి తిరుగుబాటుదారులను అణచడం మానేసి, వాళ్లు తప్పటడుగు వేసేలా పెంచుతారు. వాళ్ల మధ్యకు తమ మనిషిని పంపుతారు. చివరికి చౌక్‌లో జనం నిండి ఉన్నప్పుడు సామ్రాజ్యపు స్నైపరే సొంత పక్షపు కుర్ర సైనికుడిని కాల్చి ఊచకోతకు సాకు తయారు చేస్తాడు. లూథెన్ లెక్క తప్పు అని ఇది చెప్పడం లేదు. రెచ్చగొట్టడం అనే పనిముట్టు మన ఒక్కరి చేతిలోనే ఉండదని చెప్తోంది. మీ ఆక్రమణదారు మూర్ఖుడు కాకపోతే, 'ఈ దాడి నాకెందుకు ఉపయోగపడుతుంది' అని వాడూ ఆలోచిస్తాడు. మీ స్క్రిప్ట్‌లో వాడు ఒక్కసారి కూడా ఆలోచించడు, ఊరికే గర్జిస్తాడు. దాన్ని ముందు సరిచేయండి.

లూథెన్ మీద నాకొక అభ్యంతరం ఉంది. క్రీగర్ అనే నాయకుడు, అతని 30 మంది మనుషులు ఒక దాడికి వెళ్తున్నారు. అది వల అని శత్రువుల్లో ఉన్న తన గూఢచారి ద్వారా లూథెన్‌కు ముందే తెలుసు. హెచ్చరిస్తే ఆ గూఢచారి బయటపడతాడు. వాళ్లను చావనిస్తాడు. యుద్ధంలో ఇలాంటివి జరిగాయి, అర్థం చేసుకోగలను. ఆ 30 మందీ తమ ప్రాణాలను అతని చేతికి ఇవ్వలేదు. ఎవరి అనుమతీ లేకుండా మనుషుల్ని ఖర్చు పెట్టడం అలవాటైన నాయకుడు, గెలిచాక ఆ అలవాటు మానతాడా? ఆ ప్రశ్న నన్ను వదలదు.

'డీప్ స్పేస్ నైన్' దీన్నే ఇంకో వైపు నుంచి పట్టుకుంది. 1994 నాటి ఎపిసోడ్ ఒకటుంది. బేజోర్ గ్రహం కార్డాసియన్ల ఆక్రమణలో ఉన్న రోజుల్లో అక్కడి కెండ్రా లోయలో 43 మంది దళ సభ్యుల ఆచూకీ శత్రువుకు ఎవరో చెప్పేశారు, అందరూ చనిపోయారు. చాలా ఏళ్ల తర్వాత తేలుతుంది, చెప్పించింది మత గురువు ఓపాకా. చెప్పకపోతే లోయలో ఉన్న 1200 మందిని చంపుతామన్నారు. ఆ 43 మందిలో ఆవిడ కొడుకు కూడా ఉన్నాడు. లూథెన్ పరాయివాళ్లను ఇచ్చాడు, ఓపాకా కడుపున పుట్టినవాణ్ణి ఇచ్చింది. లెక్క ఇద్దరిదీ ఒకటేలా కనిపిస్తుంది. నా దృష్టిలో ఒకటి కాదు.

ఆ సీరియల్లో కీరా నెరిస్ చిన్నప్పటినుంచి దళంలో పెరిగిన మనిషి. ఐదో సీజన్లో ఒక కార్డాసియన్, ఆమె పెట్టిన బాంబుకు ముఖం కాలిపోయినవాడు, ఆమె పాత సహచరులను ఒక్కొక్కరినీ చంపుతూ వస్తాడు. అతను సైనికుడు కాదు, అధికారి ఇంట్లో బట్టలు ఉతికే నౌకరు. 'నేనేం తప్పు చేశాను' అంటాడు. కీరా క్షమాపణ చెప్పదు. మా నేల మీద మీలో ఎవరికీ చోటు లేదు, అందరూ గురే అంటుంది. ఆ మాటతో నేను ఏకీభవించను, కానీ ఆమె నోట అది ఎందుకు వచ్చిందో ఆ సీరియల్ ఏళ్ల తరబడి చెప్తూ వచ్చింది. మీ కథలో కూడా హీరో మనకు నచ్చని మాట అననివ్వండి.

అదే కీరా 1997 నాటి 'రాక్స్ అండ్ షోల్స్' ఎపిసోడ్‌లో కొత్త ఆక్రమణదారుల కింద ఉద్యోగం చేస్తుంటుంది. పొద్దున కాఫీ, డ్యూటీ, ఫైళ్లు. అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది. యాసిమ్ అనే సన్యాసిని అందరి ముందూ ఉరేసుకుంటుంది. అప్పుడుగానీ కీరాకు తను ఎవరి పని చేస్తోందో కనపడదు. ఆ ఎపిసోడ్‌లో ఆక్రమణ విజయం అంటే ఏమిటో ఉంది: అలవాటు. మీ బెజవాడలో బీసెంట్ రోడ్ మామూలుగా కిటకిటలాడుతూ ఉండాలి, దుర్గ గుడి మెట్ల మీద క్యూ ఉండాలి. రాజుకునే బూడిద కుప్పలా చూపిస్తే ఈ భయం రాదు.

వెనకదన్ను గురించి ఒక మాట. బయట నిలబడ్డ మనిషి లేకుండా సాయుధ పోరాటం ఎక్కువ కాలం నిలవడం కష్టం. గెలాక్టికా ఓడ ఆ వెనకదన్ను, 'ఆండోర్'లో తిరుగుబాటుదారుల స్థావరం యావిన్. విజయవాడే ఒకప్పుడు ఆ పని చేసింది. నిజాం మీద తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం నడిచిన రోజుల్లో రజాకార్ల దాడులనుంచి తప్పించుకున్న జనం కృష్ణా జిల్లా సరిహద్దు దాటి వచ్చారు. కమ్యూనిస్టు పార్టీ యంత్రాంగం, పత్రిక, కొరియర్లు అన్నీ ఇటువైపునుంచి పనిచేశాయి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించి నిజాం పాలన ముగిశాక తుపాకీ ఇంకా పట్టుకోవాలా వద్దా అని ఆ ఉద్యమంలోనే పెద్ద వాదన జరిగింది, 1951 అక్టోబరులో విరమించారు. శత్రువు మారినప్పుడు, లక్ష్యం మారినప్పుడు పాత లెక్క పనికిరాదు, మళ్లీ మొదటినుంచి వేసుకోవాలి. మీ కథలో బెజవాడ పట్టుబడితే వెనకదన్ను ఎక్కడ? నల్లమల అంచున ఉన్న మాచర్ల వైపా, నాగాయలంక లంకలా? నిర్ణయించుకోండి.

కొన్ని సీరియల్స్ ఈ తలనొప్పంతా ఒక్క మీట నొక్కి పోగొట్టుకుంటాయి. 'ఫాలింగ్ స్కైస్' ఐదు సీజన్లు నడిచి, రాణిని చంపగానే శత్రుజాతి అంతా కుప్పకూలడంతో 2015లో ముగిసింది. అన్నాళ్లు పడ్డ కష్టానికి అది న్యాయం కాదు. 'కాలనీ' లాస్ ఏంజలెస్‌లో ఒకే ఇంట్లో భర్త ఆక్రమణదారుల పోలీసుగా, భార్య దళంలో పనిచేసేలా పెట్టి బాగా మొదలైంది, మూడు సీజన్లతో ఆగిపోయింది.

ఆక్రమణ ముగిశాక ఏమవుతుందన్నది మీ ఔట్‌లైన్లో అసలు లేదు, అది ఉండి తీరాలి. న్యూ కాప్రికా నుంచి బయటపడ్డాక ఆరుగురు రహస్యంగా కూర్చుని, శత్రువుకు సహకరించారన్నవాళ్లను విచారించి అంతరిక్షంలోకి తోసేస్తారు. క్యాలీని కాపాడిన జామర్‌నూ తోసేస్తారు. తర్వాత గేటా వంతు. బాల్టర్ ఆఫీసులో చివరిదాకా పనిచేసిన ముఖ్య సహాయకుడు అతను. దళానికి కీలక సమాచారం చేరవేసింది ఆ మనిషే, ఒక కుక్క గిన్నెను బోర్లించి గుర్తు పెట్టేవాడు. ఎవరు పంపుతున్నారో దళానికి తెలియదు, తెలియకుండా ఉండడమే అతని ప్రాణానికి రక్ష. ఇప్పుడు అదే రక్ష అతని మెడకు చుట్టుకుంది, సాక్షి లేడు. చివరి క్షణంలో ఆ గిన్నె మాట వచ్చి ఆ ఆరుగురిలో ఒకడైన టిరల్‌కు అర్థమవుతుంది కాబట్టి బతికాడు. ఆఫీసులో కూర్చున్న ఆ ఒక్కడు దళం పెట్టిన బాంబులన్నిటికంటే ఎక్కువ పని చేశాడు. ఎల్లెన్ టై మాత్రం బతకలేదు. భర్తను మళ్లీ జైల్లో వేయకుండా ఉండడానికి శత్రువుకు రహస్యం చెప్పిన ఆవిడకు భర్తే విషం ఇచ్చాడు. తర్వాత రోజ్లిన్ అధ్యక్షురాలై అందరికీ క్షమాభిక్ష ప్రకటించింది.

ఇప్పుడు పని సంగతి. మొదటి ఎపిసోడ్ నుంచి బ్యారేజీ పేలుడు తీసేయండి. దాని బదులు గేట్ల దగ్గర లస్కరుతో మొదలుపెట్టండి. వచ్చినవాళ్లు ఎంత నీళ్లు ఎప్పుడు వదలాలో చెప్తారు, అతను ఎలా వింటాడో చూపించండి. మీ దళం తొలి దాడి దేనికోసమో ఒక్క వాక్యంలో రాసి గోడకు అంటించండి. ఆ వాక్యంలో 'పగ' అన్న మాట ఉంటే మళ్లీ రాయండి. ఎవరిని కాల్చకూడదో దళం తనకు తాను పెట్టుకున్న నియమం ఏమిటో, అది ఏ ఎపిసోడ్‌లో తప్పుతారో నిర్ణయించండి.

చూడాల్సినవి: 'గెలాక్టికా' మూడో సీజన్ మొదటి ఐదు ఎపిసోడ్లు ఒకే వరుసలో చూడండి, 'కొలాబొరేటర్స్' దాకా ఆపకండి. 'ఆండోర్' రెండు సీజన్లూ చూడండి. 'డీప్ స్పేస్ నైన్'లో మొదటి సీజన్ చివర్లో వచ్చే 'డ్యూయెట్' తప్పదు. అందులో మారిట్జా అనే కార్డాసియన్ ఉంటాడు. లేబర్ క్యాంపులో ఫైళ్లు రాసిన మామూలు గుమస్తా, ఒక్క మనిషినీ కొట్టలేదు, అరుపులు వినపడకుండా చెవులు మూసుకుని పడుకునేవాడు. ఆ సిగ్గు భరించలేక క్యాంపు అధికారిని నేనే అని చెప్పుకుని ఉరికంబం ఎక్కడానికి వస్తాడు. మీ కథలో ఆక్రమణదారుల వైపు ఒక్క గుమస్తా కూడా లేడు. అది చూశాక అటువైపు కూడా ఒక మనిషిని రాసి, మార్చిన స్క్రిప్ట్ నాకు పంపండి, చదివి చెప్తాను.